పన్ను సరిపోయింది, పార్టీ మొత్తమే రెట్టింపు ఎందుకొచ్చింది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఎర్రగుంట్ల. కడపలో ఒక జీఎస్టీ కన్సల్టెంటు ఆఫీసులో పని చేస్తున్నాను. మా క్లయింట్లలో సగం మంది నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల వాళ్లు, మిగతావాళ్లు ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వాళ్లు. నెలనెలా టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోంచి డే బుక్‌ను (రోజువారీ లావాదేవీల చిట్టాను) ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా తీసి పంపుతారు. ఇన్నాళ్లూ దాన్ని ఎక్సెల్లో తెరిచి కాపీ, పేస్ట్ చేసుకుంటూ లెక్క తేల్చేదాన్ని. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా బావ పండక్కి వచ్చినప్పుడు ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ అనే టూల్ వేసిచ్చి, కమాండ్ ప్రాంప్టులో ఒక్క లైను కొడితే చాలన్నాడు. కొన్ని ఫైళ్లను అది తీసుకోవడమే లేదు, చెల్లని అక్షరం, విలువ 4 అని ఎర్రర్ ఇస్తోంది. తీసుకున్న ఫైళ్లలో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ మొత్తాలు టాలీతో సరిపోతున్నాయి. పార్టీ, అంటే సరుకు కొన్నవాళ్ల మొత్తం అడిగితే మాత్రం సరిగ్గా రెట్టింపు వస్తోంది, అది కూడా మైనస్‌లో. ఒక క్లయింటు ఫైల్లో ఏది అడిగినా ఖాళీయే. ఇంకో సంగతి, ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఒకే పార్టీని మూడు స్పెల్లింగులతో మూడు లెడ్జర్లుగా (ఖాతాలుగా) పెట్టుకున్నారు. ఈ టూల్‌తోనే పేర్లు మార్చి తిరిగి టాలీలోకి ఎక్కించవచ్చా? జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్ వేయాల్సిన పదకొండో తారీఖు దగ్గరపడితే ఒకటే టెన్షన్. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోక తప్పదా?
— ఒక చెల్లెలు, కడప

సమాధానం: చెల్లెమ్మా, పన్నుల మొత్తం సరిపోయి పార్టీ మొత్తం ఒక్కటే రెట్టింపు అయిందని రాశారు చూడండి, జబ్బు ఎక్కడుందో ఆ ఒక్క వాక్యం చెప్పేస్తోంది. టూల్‌లో తప్పుంటే రెండూ తప్పేవి. మీరు అడిగినదానికి అది సరైన జవాబే ఇచ్చింది. పార్టీ లెడ్జర్ లోపల అమౌంట్ అనే పేరుతో రెండు చోట్ల అంకె ఉంది, మీరు రెండింటినీ కలపమన్నారు. పన్ను లెడ్జర్లో ఆ పేరు ఒక్కచోటే ఉంది, అందుకే అక్కడ తేడా రాలేదు.

ముందుగా ఒక మాట. ఇక్కడ ట్యాగుల (ఫైల్లో ఒక్కో వివరానికి తగిలించిన లేబుళ్ల) పేర్లు, ఆజ్ఞలు అన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ట్యాగుల పేర్లు ఫైల్లో ఎలా ఉంటే అలాగే, అంటే పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. అక్షరం చిన్నదైనా ఈ టూల్ దాన్ని వేరే పేరు కిందే లెక్కగడుతుంది. (ట్యాగు పేరు తెలుగులో ఉన్నా ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు అభ్యంతరం లేదు. టాలీ వాళ్లు అలా పెట్టలేదు, అంతే.)

ఇప్పుడు రెట్టింపు సంగతి. లెక్క సులువుగా ఉండటానికి 100 రూపాయల బండలు అమ్మారనుకుందాం. 9 రూపాయలు సీజీఎస్టీ, 9 రూపాయలు ఎస్‌జీఎస్టీ, పార్టీ ఇవ్వాల్సింది 118. టాలీ ఈ ఇన్వాయిస్‌ను ఒక వోచర్ (ఒక లావాదేవీ నమోదు) ట్యాగులో పెడుతుంది. దాని లోపల లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్ అనే ట్యాగులు మూడుంటాయి. పార్టీకి ఒకటి, పన్నులకు రెండు. మూడింట్లోనూ లెడ్జర్‌నేమ్, దాని కింద అమౌంట్ ఉంటాయి. పార్టీ లెడ్జర్‌కు బిల్లువారీ లెక్క పెట్టుకుని ఉంటే, దాని లోపల బిల్‌అలొకేషన్స్.లిస్ట్ అని మరో పొర వస్తుంది. ఏ బిల్లు మీద ఎంత రావాలో అందులో రాసి ఉంటుంది. ఆ అంకె పేరు కూడా అమౌంటే. 118 రెండు సార్లు పడింది అక్కడే. పన్ను లెడ్జర్‌కు బిల్లువారీ లెక్క ఎవరూ పెట్టరు గదా, అందుకని 9 రూపాయలు 9 రూపాయలుగానే వచ్చింది.

మీరు కొట్టిన లైను రాయలేదు గానీ, దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

సమ్(//లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్[లెడ్జర్‌నేమ్='పార్టీ పేరు']//అమౌంట్)

ఆ చివరి అమౌంట్‌కు ముందున్న రెండు స్లాష్‌లు చూడండి. ఒక స్లాష్ అంటే సరిగ్గా ఒక మెట్టు లోపల. రెండు స్లాష్‌లంటే ఎన్ని మెట్ల లోపలున్నా సరే, ఆ పేరుతో ఉన్నవన్నీ పట్టుకు రమ్మని. కడప జిల్లాలో రామాలయం ఎక్కడని అడిగితే ఊరికొకటి చూపిస్తారు, అడిగినవాడికి ఒంటిమిట్ట మనసులో ఉన్నా సరే. ఒక స్లాష్ తీసేయండి:

సమ్(//లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్[లెడ్జర్‌నేమ్='పార్టీ పేరు']/అమౌంట్)

ఇప్పుడు 118 వస్తుంది. మొదట్లో ఉన్న రెండు స్లాష్‌లను మాత్రం ఉంచవచ్చు. వోచర్ దగ్గరికి చేరాలంటే ఎన్వలప్, బాడీ, ఇంపోర్ట్‌డేటా, రిక్వెస్ట్‌డేటా, టాలీమెసేజ్ అని బోలెడు గడపలు దాటాలి. అవన్నీ రోజూ ఎవరు కొడతారు? పైన వెతకడానికి రెండు స్లాష్‌లు, అంకె దగ్గర ఒకటే స్లాష్. డబ్బు లెక్కల్లో నేను ఇదే పద్ధతి పాటిస్తాను.

మైనస్‌కు కారణం వేరు. టాలీ తన ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో డెబిట్‌ను మైనస్‌గా, క్రెడిట్‌ను ప్లస్‌గా రాస్తుంది. అమ్మకంలో పార్టీకి డెబిట్, కాబట్టి మైనస్ 118. అదే పార్టీ డబ్బు కట్టినప్పుడు రసీదు వోచర్లో ప్లస్ వస్తుంది. డే బుక్ మొత్తం మీద పార్టీ పేరుతో కూడితే అమ్మకాలు, వసూళ్లు ఒకదానికొకటి కొట్టుకుపోయి ఏదో నడిమి అంకె మిగులుతుంది. అమ్మకాలే కావాలంటే వోచర్ దగ్గరే షరతు పెట్టాలి, వోచర్‌టైప్‌నేమ్ సేల్స్ అయినవే అని. ఆ పేరు కూడా క్లయింటు పెట్టుకున్నదే ఉంటుంది. ఒకరు సేల్స్ అంటారు, ఒకరు జీఎస్టీ సేల్స్ అంటారు, ఒకరు ఫ్యాక్టరీ పేరు కూడా తగిలిస్తారు.

అమ్మకాల విలువ, అంటే పన్నుకు ముందున్న ఆ 100 ఎక్కడుందని అడుగుతారేమో. సరుకుతో వేసిన ఇన్వాయిస్‌లో అది లెడ్జర్‌ఎంట్రీస్‌లో ఉండదు. ఆల్‌ఇన్వెంటరీఎంట్రీస్.లిస్ట్ లోపల సరుకు పేరు పక్కన ఒకసారి, దాని లోపల బ్యాచ్‌అలొకేషన్స్.లిస్ట్‌లో మరోసారి, అకౌంటింగ్‌అలొకేషన్స్.లిస్ట్‌లో సేల్స్ లెడ్జర్ పేరుతో ఇంకోసారి ఉంటుంది. ఒకే 100 మూడు చోట్ల. ఇక్కడ రెండు స్లాష్‌లు వేస్తే 300 అమ్మినట్టు చూపిస్తుంది. సరుకు లేకుండా మామూలు వోచర్ పద్ధతిలో వేసే క్లయింట్లకైతే ఈ పొరలేవీ ఉండవు. అక్కడ ట్యాగు పేరే ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్ అని మారిపోతుంది. మీ ఫ్యాక్టరీల వాళ్లు చదరపు అడుగుల లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి మొదటి రకం ఎక్కువ రావచ్చు, బట్టల అంగళ్లలో రెండు రకాలూ ఉండవచ్చు. ఒక క్లయింటుకు రాసుకున్న లైను ఇంకో క్లయింటు దగ్గర పనిచేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

అందుకే కొత్త క్లయింటు ఫైలు వస్తే లెక్క అడగకముందే దాని ఆకారం చూడండి. ఈ టూల్‌లో అందుకోసమే ఎల్ (ఇంగ్లీషు ఈ, ఎల్ అక్షరాలు రెండూ కలిపి) అనే ఉపఆజ్ఞ ఉంది. దానికి -యు తగిలిస్తే, ఫైల్లో ఉన్న ట్యాగు దారులన్నీ, ఒక్కొక్కటి ఒక్కసారే, వరసగా రాసిస్తుంది. వేల వోచర్ల ఫైలైనా కొన్ని పేజీల్లో అస్థిపంజరం కనబడుతుంది. అందులో అమౌంట్‌తో ముగిసే దారులన్నీ వెతికి పెట్టుకోండి. ఎన్ని చోట్ల అమౌంట్ ఉందో, మీకు కావాల్సింది ఏదో అప్పుడే తేలిపోతుంది. మీ బావ వివరాలు ఏరి తెచ్చే సెల్ అనే ఉపఆజ్ఞ చెప్పి ఎల్ చెప్పడం మరిచిపోయినట్టున్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లతో ఇదే తంటా, వాళ్లకు అలవాటైన మెట్టును చెప్పకుండా దాటేస్తారు.

సెల్ గురించి కూడా రెండు ముక్కలు. -టి అంటే ఇక్కడి నుంచి నమూనా మొదలు. -ఎమ్ అంటే ఫలానా దారికి సరిపోయిన ప్రతిదాని మీదా ఆగు. -వి అంటే దాని విలువ రాయి. -ఓ అంటే నేనిచ్చిన అక్షరాలు అలాగే రాయి. -ఎన్ అంటే లైను మార్చు. ఈ అయిదింటితో మీ పని తొంభై పాళ్లు అయిపోతుంది. ప్రతి సేల్స్ వోచర్ మీదా ఆగి తేదీ, ఇన్వాయిస్ నంబరు, పార్టీ పేరు, మొత్తం ఒక లైనుగా రాయించి, మధ్యలో నిలువు గీత పెట్టించి, ఫైల్లోకి మళ్లించి ఎక్సెల్లో తెరవండి. కామా పెట్టకండి, పార్టీ పేర్లలో కామాలుంటాయి. సెల్ తర్వాత, -టి కంటే ముందు పెద్ద అక్షరంతో -టీ ఒకటి వేయండి, లేకపోతే పేర్లలోని అండ్ గుర్తు ‘&’ లాగా పాడై వస్తుంది. ఇందులో లాటిన్ అక్షరాలు తప్పలేదు, తెర మీద మీకు కనబడేది అచ్చంగా అదే కాబట్టి. విండోస్‌లో అయితే మొత్తం దారిని డబుల్ కోట్స్‌లో పెట్టి, లోపలి పేర్లకు సింగిల్ కోట్స్ వాడాలి.

టాలీ తేదీ 20250401 లాగా అతుక్కుని ఉంటుంది. సబ్‌స్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో దాన్ని విడదీయవచ్చు. ఏడో అక్షరం నుంచి రెండు రోజు, అయిదో అక్షరం నుంచి రెండు నెల. లెక్కింపు ఒకటి నుంచే మొదలవుతుంది, మీ బావ అలవాటు కొద్దీ సున్నా నుంచి అంటే వినకండి. పైసలున్న అంకెలను వందల కొద్దీ కూడితే చివర ఎప్పుడైనా 0.00000001 లాంటి తోక కనబడుతుంది. కంప్యూటరు దశాంశాలను సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో దాచుకోవడం వల్ల వచ్చేదది. ఫార్మాట్-నంబర్ అనే ఫంక్షన్‌తో రెండు దశాంశాలకు కత్తిరించండి, సరిపోతుంది.

ఇక విలువ 4. ఇది టాలీ ఫైళ్లతో పని చేసే వాళ్లందరికీ ఎదురయ్యేదే. టాలీ తన సొంత మాటలకు, అంటే ప్రైమరీ, నాట్ అప్లికబుల్ లాంటివాటికి, ముందు ఒక రహస్య గుర్తు పెడుతుంది. ఫైల్లో అది అండ్, హ్యాష్, నాలుగు, సెమికోలన్ రూపంలో ఉంటుంది:  అని. 1998లో ఖరారైన ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 నియమాల ప్రకారం నాలుగో నంబరు అక్షరం ఏ రూపంలోనూ ఉండకూడదు. టాలీ రాసింది టాలీ చదువుకుంటుంది, బయటి టూల్ ఒప్పుకోదు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ తన చదువు పనంతా లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 అనే లైబ్రరీకి అప్పజెబుతుంది, ఆ లైబ్రరీ నియమాల దగ్గర మొహమాటపడదు.

మందు చాలా చిన్నది. ఫైలును కాపీ చేసి, కాపీని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి, ఆ నాలుగు అక్షరాల ముక్కను వెతికి, దాని స్థానంలో ఏమీ లేకుండా అన్నిటినీ మార్చేయండి. టూల్‌లోనే ఎఫ్ఓ అనే ఉపఆజ్ఞకు పెద్ద అక్షరం ఆర్ తగిలిస్తే తప్పులున్న ఫైలును కూడా వీలైనంత చదివి బాగుచేసి ఇస్తుంది. లెక్కల ఫైళ్ల మీద దాన్ని వాడొద్దు. వీలైనంత అనే మాటలో ఏం జారిపోయిందో అది చెప్పదు. ఎలా శుభ్రం చేసినా తర్వాత వోచర్లను లెక్కపెట్టండి. కౌంట్(//వోచర్) అంటే ఒక అంకె వస్తుంది. టాలీలో స్టాటిస్టిక్స్ అనే రిపోర్టులో ఏ రకం వోచర్లు ఎన్నున్నాయో ఉంటుంది, క్లయింటును దాని ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. రెండూ కలవకపోతే ఆ ఫైలుతో ముందుకెళ్లొద్దు.

వోచర్లు లెక్కపెట్టేటప్పుడే ఇంకో పని కూడా అయిపోతుంది. రద్దయిన వాటికి ఈజ్‌క్యాన్సిల్డ్ అనే ట్యాగులో యెస్ (అవును) అని ఉంటుంది. జీఎస్టీఆర్-1లో పదమూడో పట్టిక మొత్తం ఎన్ని డాక్యుమెంట్లు ఇచ్చారు, అందులో రద్దయినవెన్ని అని అడుగుతుంది గదా, ఆ రెండు అంకెలు రెండు కౌంట్‌లతో వచ్చేస్తాయి. దీని కోసం బిల్లు పుస్తకం తిరగేసే ఆఫీసులు ఇంకా ఉన్నాయి.

ఏది అడిగినా ఖాళీ వచ్చే ఆ ఒక్క క్లయింటు విషయం. ఎర్రర్ లేకుండా ఖాళీ వస్తే చాలా వరకు నేమ్‌స్పేస్ గొడవే. ఆ ఫైలు మొదటి నాలుగు లైన్లు చూడండి. వర్క్‌బుక్ అనే ట్యాగు, పక్కన ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అని ఉంటే అది టాలీ ఇచ్చింది కాదు, ఎవరో ఎక్సెల్లో తెరిచి ఎక్స్‌ఎమ్‌ఎల్ స్ప్రెడ్‌షీట్‌గా సేవ్ చేసింది. అలాంటి ఫైల్లో ప్రతి ట్యాగు పేరుకూ కనబడని ఇంటిపేరు ఒకటుంటుంది, అది లేకుండా పిలిస్తే పలకదు. ట్యాగు పేరుకు ముందు అండర్‌స్కోర్, కోలన్ పెట్టి అడిగితే పలుకుతుంది: //_:రో అన్నట్టు. కానీ ఆ తిప్పలు పడకండి. అందులో ఖాళీ గడులను రాయకుండా దాటేస్తారు, ఒక గడి పోతే పక్కవన్నీ ఎడమకు జరిగి పన్ను గడిలో పార్టీ పేరు వస్తుంది. నేరుగా టాలీ నుంచే ఎక్స్‌పోర్ట్ చేసి పంపమని ఆ అకౌంటెంటుకు ఫోన్ చేయండి.

ఇప్పుడు మూడు స్పెల్లింగుల సంగతి. టూల్‌తో మార్చడం సాధ్యమే. ఈడీ అనే ఉపఆజ్ఞకు -యు అని దారి ఇచ్చి, -వి అని కొత్త విలువ ఇస్తే అన్ని చోట్లా మార్చి రాస్తుంది. పెద్ద అక్షరం ఎల్ వేయనంతవరకు అసలు ఫైలును ముట్టుకోదు కూడా. అయినా మీరు ఆ పని చేయొద్దనే చెబుతాను. ఆ పుస్తకాలు మీవి కావు, క్లయింటువి. టాలీలో ప్రతి వోచర్‌కూ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. బయట మార్చిన వోచర్లను తిరిగి ఎక్కిస్తే ఏవి పాతవాటి మీద పడతాయో, ఏవి కొత్తగా చేరతాయో ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు చూసుకోవాలి, కడపలో ఉన్న మీరు కాదు. పైగా ఆ ఫ్యాక్టరీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే పుస్తకాలు రాయాలని నియమం ఉంది. ఆడిటర్ ఆ చిట్టా తిరగేసినప్పుడు ఒకే రోజు కొన్ని వందల వోచర్లు మారినట్టు కనబడితే జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు?

ఒకే లెడ్జర్ పేరు తప్పుంటే టాలీలోనే మార్చమనండి, దాని కింద ఉన్న వోచర్లన్నిటిలోనూ పేరు తనంతట తానే మారుతుంది. మూడు లెడ్జర్లు ఒకటి కావాలంటే, ఒకదాన్ని అసలుదిగా ఉంచుకుని, మిగతా రెండింటి బాకీలను బిల్లువారీగా జర్నల్ ఎంట్రీ ద్వారా అందులోకి మళ్లించి, ఇక మీదట ఆ రెండింటినీ వాడకుండా ఆపేయడం అకౌంటెంట్లకు తెలిసిన పద్ధతే. అరపూట పని, కానీ ఎవరూ వేలెత్తి చూపలేనిది.

రిటర్న్ కోసమైతే మీకు పేర్లతో పనే లేదు. వోచర్లో పార్టీజీఎస్‌టీఐఎన్ అనే ట్యాగులో ఆ పార్టీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. పేరు మూడు రకాలుగా ఉన్నా ఆ 15 అక్షరాలు ఒకటే. మీరు లాగే లైన్లలో పార్టీ పేరు పక్కన దాన్ని కూడా రాయించి, ఎక్సెల్లో పివట్ టేబుల్‌ను దాని మీద వేయండి. గుంపులుగా కూడే పని ఈ టూల్‌తో చేయించడం వట్టి చాకిరీ. అది వాడే దారుల భాష, అంటే ఎక్స్‌పాత్ 1.0, 1999 నాటిది, అందులో గుంపులు కట్టే సదుపాయం లేదు. ఏరి తేవడం దీని పని, కూడడం ఎక్సెల్ పని.

ఆ 15 అక్షరాలు చేతికొచ్చాక టూల్ అసలు రుచి తెలుస్తుంది. స్ట్రింగ్-లెంగ్త్ (అక్షరాల సంఖ్య) 15 కాని సేల్స్ వోచర్లు చూపించు అనండి. నంబరు లేని చిల్లర బిల్లులు, ఒక అక్షరం తప్పిపోయిన పెద్ద బిల్లులు రెండూ బయటపడతాయి. చిల్లర బిల్లులను పక్కన పెడితే మిగిలినవి ఇవాళే ఫోన్ చేసి సరిచేయించాల్సినవి. మొదటి రెండంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29. నాపబండలు బెంగళూరుకో చెన్నైకో పోయినప్పుడు బిల్లులో ఐజీఎస్టీ పడాల్సిన చోట అలవాటు కొద్దీ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి ఉంటారు. పార్టీ నంబరు 37తో మొదలు కాకుండా, లెడ్జర్ పేరులో సీజీఎస్టీ ఉన్న సేల్స్ వోచర్లన్నీ చూపించమని అడగండి. స్టార్ట్స్-విత్, కంటైన్స్, నాట్, ఈ మూడు ఫంక్షన్లు చాలు. వచ్చినవన్నీ తప్పులని కాదు. పన్ను ఏదన్నది సరుకు చేరే చోటును బట్టి ఉంటుంది, బెంగళూరు పార్టీ కడపలోనే సరుకు దింపించుకున్న సందర్భాలూ ఉంటాయి. కానీ వెయ్యి బిల్లులు చూడాల్సిన చోట పది చూస్తే సరిపోతుంది. సీజీఎస్టీని ఒక క్లయింటు పెద్ద అక్షరాల్లో, ఇంకొకరు చిన్న అక్షరాల్లో రాసి ఉంటారు, ఈ భాషకు రెండూ వేరువేరు. ఎల్ కొట్టినట్టే, లెడ్జర్ పేర్ల జాబితా కూడా ఒకసారి రాయించి చూసుకోండి.

మూడో అక్షరం నుంచి పది అక్షరాలు పాన్ నంబరు. ఒకే యజమానికి రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉంటే నంబర్లు రెండైనా పాన్ ఒకటే. సబ్‌స్ట్రింగ్‌తో దాన్ని విడిగా ఒక గడిలో పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

పైథాన్ ఇప్పుడు అక్కర్లేదు. మీరు రాసే ఈ దారుల భాష ఈ టూల్‌తోనే ఆగిపోయేది కాదు. పైథాన్‌లోనూ, బ్రౌజర్లలోనూ, విండోస్ ఎక్సెల్ 2013 నుంచి ఉన్న ఫిల్టర్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫంక్షన్‌లోనూ ఇదే నడుస్తుంది. రేపు పైథాన్ జోలికి వెళ్లినా ఇది చేతిలో ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ 1.6.1 వెర్షను 2014లో వచ్చింది, పాతదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మీ ఫైళ్ల భాష అంతకన్నా పాతది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఇంటర్నెట్లో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను ఎక్సెల్‌గా మార్చి పెడతామనే సైట్లలో క్లయింటు డే బుక్ ఎక్కించకండి. మీ కంప్యూటరులోనే, నెట్ తీసేసినా పనిచేసే టూల్ ఉండగా ఎవరి అమ్మకాల చిట్టానో ముక్కూమొహం తెలియని సర్వరుకు పంపడం దేనికి?

14వ తారీఖున వచ్చే జీఎస్టీఆర్-2బీని, అంటే కొనుగోళ్ల మీది పన్ను క్రెడిట్ పట్టికను, జీఎస్టీ పోర్టల్ ఎక్సెల్‌గానూ ఇస్తుంది, జేసన్ అనే మరో రకం ఫైలుగానూ ఇస్తుంది. ఒకరిద్దరు క్లయింట్లయితే ఎక్సెల్ దించుకోండి. ముప్పై మంది ఉంటే జేసన్ నయం, కానీ దాన్ని ఈ టూల్ చదవలేదు. దానికి జేక్యూ అని వేరే టూల్ ఉంది, 2012 నుంచి ఉంది, ఉచితమే. దారిలో స్లాష్‌ల బదులు చుక్కలు పెడతారు, జాబితా ఉన్నచోట ఖాళీ చదరపు బ్రాకెట్లు పెడతారు, మిగతా ఆలోచనంతా మీరిప్పుడు నేర్చుకున్నదే. అందులో చుక్క రెండుసార్లు వేసినా పైన మనం చూసిన రామాలయాల గొడవే.

ఫైళ్లన్నిటి మీదా ఒకే లైను నడపాలంటే కమాండ్ ప్రాంప్టులో ఫర్ అనే ఆజ్ఞ ఉంది. నమూనాలో -ఎఫ్ పెడితే ప్రతి లైనుకూ ఫైలు పేరు కూడా రాస్తుంది, ఏ క్లయింటుదో తెలుస్తుంది. దాన్ని బ్యాచ్ ఫైలుగా సేవ్ చేసుకునేటప్పుడు శాతం గుర్తును రెండుసార్లు కొట్టండి. తెర మీద నేరుగా కొట్టేటప్పుడు ఒకటి, బ్యాచ్ ఫైల్లో రెండు.